కట్ట మీది శుక్రవారం

పట్టణాలలో వారం ఆదివారంతో ముగుస్తుంది. మా మద్రసాలో అది గురువారం అసర్ నమాజుతో ముగుస్తుంది. చివరి పాఠం కాగానే పిల్లలు రిహాళ్ళను గోడవారగా పేర్చి, చాపలు దులిపి, బావి వద్దకు పరుగు తీస్తారు. కాసేపటికి దండెం నిండా తెల్లని కుర్తాలు, టోపీలు ఆరుతూ కనిపిస్తాయి. దగ్గరి ఊళ్ళ పిల్లలను తీసుకుపోవడానికి తండ్రులు మోటారు సైకిళ్ళపై వస్తారు. దూరపు ఊళ్ళవారు, తండ్రులు కువైట్‌లోనో ఖతర్‌లోనో ఉన్నవారు, అసలు తండ్రులే లేనివారు మిగిలిపోతారు. ఏ వారమైనా వారి సంఖ్య ఎనిమిదికి తగ్గదు, పదిహేనుకు మించదు.

ఆ మిగిలిన పిల్లల కొరకే ఇరవై ఆరేళ్ళ క్రితం శుక్రవారపు షికారును మొదలుపెట్టాము. ఈ శీర్షికను క్రమం తప్పక చదివే పాఠకులకు ఆ సంగతి కొత్త కాదు. ఫజర్ నమాజు ముగించుకొని, బొరుగులు, వేయించిన వేరుశనగలు, బెల్లపు ముక్కలు మూట గట్టుకొని బయలుదేరతాము. జుమా వేళకు తిరిగి వస్తాము. నడిచి వెళ్ళి నడిచి రాగలిగినంత మేరే మా ప్రపంచం. ఒక వారం సగిలేటి ఒడ్డు, ఒక వారం కొండ వార సీతాఫలపు చెట్లు, ఒక వారం ఎవరో రైతు పిలిచిన పొలం. ఏడాదికొకసారి మాత్రం బస్సెక్కి బద్వేలు దాటి లంకమల దిక్కు వెళ్తాము.

లంకమలకు వెళ్ళిన ప్రతిసారీ పిల్లలు కలివికోడిని చూపమంటారు. 1900 తర్వాత ఎవరి కంటా పడలేదని, అంతరించిపోయిందని పక్షి శాస్త్రజ్ఞులు తేల్చివేసిన పిట్ట అది. 1986లో ఈ కడప జిల్లా పొదల్లోనే మళ్ళీ ప్రత్యక్షమైంది. దాని పుణ్యమా అని 1988లో ఆ అడవి అభయారణ్యమైంది. పగలు పొదలలో అణగి ఉండి రాత్రివేళ తిరిగే పిట్ట కాబట్టి, పట్టపగలు బొరుగులు తింటూ కేకలు వేసే పదిమంది పిల్లలకు అది కనిపించే అవకాశం లేదు. ఆ మాట పిల్లలకు చెప్పము. వెతికే ఉత్సాహాన్ని ముందే చంపడం ఎందుకు? కనబడనంత మాత్రాన లేదనుకోకూడదని మాత్రం చెబుతాము. ఇతరులకు చెప్పే మాటలు మన చెవికి అంత త్వరగా ఎక్కవు. ఈ నెల మేము రాయదలచినది ఆ సంగతే.

మా షికార్లలో పిల్లలకు అన్నిటికంటే ఇష్టమైనది పోరుమామిళ్ళ చెరువు. మా ఊరి నుండి నాలుగు మైళ్ళ నడక. దీని అసలు పేరు అనంతరాజ సాగరం. విజయనగర ప్రభువైన మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కరుడు, భవదూరుడని మరొక పేరు గలవాడు, దీనిని కట్టించాడు. ఆ సంగతిని చెప్పే శాసనం 1369 నాటిది. కొండల మధ్యనున్న ఖాళీలను మట్టి కట్టలతో కలిపి, లోపలి వైపున రాతి పలకలు పరచిన ఆ నిర్మాణం ఆరు వందల యాభై ఏళ్ళు దాటినా నీటిని ఆపుతూనే ఉంది. 2020లో కంభం చెరువుతో, కె.సి. కాలువతో పాటు దీనికి కూడా అంతర్జాతీయ నీటిపారుదల సంఘం వారు వారసత్వ కట్టడంగా గుర్తింపునిచ్చారు.

ఆ శాసనం సంస్కృతంలో ఉన్నది. అరబీ, ఉర్దూ చదువుకున్న మాకు అది అందదు. మా ఊరిలో విశ్రాంత జీవనం గడుపుతున్న తెలుగు అయివారు ఒకరు దాని అర్థాన్ని మాకు ఓపికగా విప్పి చెప్పారు. ఒక చెరువు మంచి చెరువు కావాలంటే పన్నెండు అంగాలు కుదరాలట. ధర్మబుద్ధి, సంపద, కీర్తి మీద కోరిక గల పాలకుడు ఉండాలి. నీటి శాస్త్రం తెలిసిన పండితుడు ఉండాలి. అడుగున గట్టి బంకనేల, మూడు యోజనాల దూరం నుండి వచ్చే తియ్యని నీటి ఏరు, కొండల నడుమ పొడవు తక్కువై దృఢమైన రాతి కట్ట, విశాలమైన లోతైన గర్భం, నిడుపాటి రాళ్ళు దొరికే గని, చుట్టూ చదునైన పంట భూములు, పని తెలిసిన మనుషుల గుంపు, ఇలా సాగుతుంది ఆ జాబితా. తర్వాత ఆరు దోషాలు. కట్ట నుండి నీరు ఊరిపోవడం, చవిటి నేల, రెండు రాజ్యాల సరిహద్దున ఉండడం, చెరువు నడుమ మిట్ట ఉండడం, నీరు కొద్దిగా ఉండి భూమి విస్తారంగా ఉండడం, నీరు అధికంగా ఉండి భూమి కొద్దిగా ఉండడం.

ఈ చెరువు కట్టడానికి రోజుకు 1000 మంది కూలీలు పనిచేశారని, రాళ్ళు తోలడానికి 100 బండ్లు నడిచాయని, రెండేళ్ళు పట్టిందని కూడా శాసనం చెబుతుంది. ఈ లెక్కలు పిల్లలకు మహా ఇష్టం. కట్ట మీద నిలబెట్టి, "ఎన్ని బండ్లు?" అని మేము అడగడం, "నూరు బండ్లు!" అని వారు అరవడం, ఆ అరుపుకు నీటి అంచున ఉన్న కొంగలు లేచిపోవడం ఇరవై ఆరేళ్ళుగా జరుగుతున్న తంతు.

ఇక అసలు విషయానికి వస్తాము.

ఈ ఏడు వానలు బాగా కురిశాయి. చెరువు నిండి మరవ పోతున్నదన్న వార్త ఒక బుధవారం మా ఊరికి అందింది. ఆనాడే మేము పెద్ద తరగతి పిల్లలకు హదీసు పాఠం చెబుతున్నాము. అబూ దావూద్ సంకలనంలో పరుగు పందేనికి సంబంధించి ఒక చిన్న ప్రకరణం ఉన్నది. దైవప్రవక్త (సఅసం) ఒక ప్రయాణంలో హజ్రత్ ఆయిషా (రజి)తో పరుగు పందెం వేశారు. ఆమె గెలిచారు. ఆ తర్వాత ఆమె ఒళ్ళు చేసిన కాలంలో మళ్ళీ పందెం వేశారు. ఈసారి ఆయన గెలిచి, ఇది ఆనాటి దానికి బదులని చమత్కరించారు. ఈ ఉల్లేఖనాన్ని మేము ప్రతి ఏటా చెబుతాము. పదాలకు అర్థాలు చెబుతాము, ఉల్లేఖకుల వరుసను వివరిస్తాము, ఇంటివారి పట్ల సౌమ్యంగా మెలగాలన్న నీతిని చెప్పి పుట తిప్పుతాము.

ఆ రోజు పద్నాలుగేళ్ళ పిల్లవాడొకడు చెయ్యెత్తాడు. "రెండు పందేల మధ్య ఎన్నేళ్ళు గడిచాయి హజ్రత్?" అని అడిగాడు. ఈ ఉల్లేఖనంలో ఆ లెక్క లేదని, ఆమె శరీరం మారేటంత కాలమని మాత్రమే తెలుస్తున్నదని జవాబు చెప్పాము. వాడు కాసేపు ఆలోచించి, "అయితే అంతకాలం ఆ ఓటమిని గుర్తుంచుకున్నారన్నమాట!" అన్నాడు. తరగతి అంతా నవ్వింది. మేమూ నవ్వాము. కాని ఆ మాట మాతో పాటు ఇంటికి వచ్చింది.

మేము ఇల్లు చేరేసరికి మా శ్రీమతి దీపం దగ్గర కూర్చొని మోకాళ్ళకు వెచ్చని ఆముదం రాసుకుంటున్నది. నాలుగేళ్ళుగా అవి ఆమెను బాధిస్తున్నాయి. మమ్ములను చూసి, "చెరువు మరవ పోతాందంట గదా, ఎంతెత్తున పోతాందో?" అని అడిగింది. తెలియదని చెప్పాము. చెప్పి కూర్చున్న తర్వాత, మా నోటి నుండి మాకే తెలియకుండా ఒక మాట వచ్చింది. "ఎల్లుండి మాతో వస్తావా?"

ఆమె చేతిలోని నూనె గిన్నె కింద పెట్టింది. "ఇప్పుడా?" అన్నది. కొంతసేపు మౌనంగా ఉండి, "కాళ్ళు బాగున్నప్పుడు అడగాల్సింది" అన్నది.

కోపంతో అని ఉంటే జవాబు వెతుక్కునేవారము. దెప్పినట్టు అని ఉంటే, పిల్లల బాధ్యత, జనం కళ్ళు, ఇంటి పనులు అంటూ నాలుగు కారణాలు చెప్పేవారము. ఆమె నొప్పి సంగతి చెప్పినట్టే ఆ మాటనూ చెప్పింది. కాబట్టి మా దగ్గర జవాబు లేకపోయింది. మాకు వివాహమై ముప్పై ఒక్క ఏళ్ళు. ఆమె మాతో కలిసి ప్రయాణం చేయలేదని కాదు. ఆసుపత్రికి, శుభకార్యాలకు, చావులకు, కుమార్తె కాన్పులకు వెళ్ళింది. ఏ పనీ లేకుండా, కేవలం చూసి రావడానికని, ఒక్కసారైనా మేము ఆమెను గడప దాటించిన జ్ఞాపకం లేదు. ఆ రాత్రి ఎంత వెతుక్కున్నా దొరకలేదు.

గురువారమంతా ఆమె ఆ ఊసెత్తలేదు. ఇషా తర్వాత ఎప్పటివలెనే బొరుగుల మూట కడుతూ, "ఆటో మాట్లాడండి. చిన్నోళ్ళను కూడా దాంట్లోనే ఎక్కించుకుందాం. వాళ్ళ శుక్రవారం నా కోసం మాన్పియొద్దు" అన్నది.

మరునాడు పెద్ద పిల్లలు ఫజర్ కాగానే నడిచి బయలుదేరారు. చిన్నవారు నలుగురు, మేమిద్దరము ఆటోలో వెళ్ళాము. ఖాలా తమతో వస్తున్నదన్న సంతోషంలో చిన్నవాడొకడు దారి పొడుగునా ఆమె కొంగు వదలలేదు. కట్ట కింద అప్పటికే జాతర వలె ఉన్నది. మరవ చూడటానికి ఊళ్ళు ఊళ్ళే వచ్చాయి. మిరపకాయ బజ్జీల బండి వద్ద పొగ లేస్తున్నది. యువకులు ఫోనులు ఎత్తి పట్టుకొని ఫొటోలు తీసుకుంటున్నారు.

ఆటో దిగి మేము అలవాటు చొప్పున మెట్ల వైపు నడిచాము. నాలుగడుగులు వేసి వెనక్కి చూస్తే ఆమె మొదటి మెట్టు ముందే ఆగిపోయి ఉన్నది. నిలువుగా పేర్చిన పాత రాతి మెట్లు అవి. ఒక్కొక్కటి మోకాలెత్తు. పిల్లలు మేకపిల్లల్లా ఎక్కిపోతారు. ఇరవై ఆరేళ్ళుగా ఎక్కుతున్న మాకు ఆ ఎత్తు ఏనాడూ లెక్కకు రాలేదు. కట్ట కింద నిలబడితే మట్టి గోడ తప్ప చుక్క నీరు కనిపించదు. ఇంత దూరం పిలుచుకువచ్చి గోడను చూపించి తీసుకుపోవాలా అని మేము సిగ్గుతో నిలబడిపోయాము.

"మెట్లు నా వల్ల కావు. బండ్ల బాటలో పోదాం" అన్నది ఆమె.

బండ్ల బాట ఏది అని అడిగాము. కట్ట కొండకు ఆనుకునే చోటికి చేయి చాపి చూపింది. అక్కడ మాకు కంపచెట్లు తప్ప ఏమీ కనిపించలేదు. దగ్గరికి వెళ్ళి చూస్తే, కంప కింద నిజంగానే ఒక వాలుబాట ఉన్నది. రెండు చక్రాల గాళ్ళు ఇంకా చెరిగిపోలేదు. పిల్లలు కర్రలతో కంపను పక్కకు వంచుతూ దారి చేశారు. ఇద్దరికి ముళ్ళు గుచ్చుకున్నాయి. ఆమె ఆగి, పిన్నీసుతో వాటిని తీసి, మళ్ళీ నడిచింది.

ఆ బాట ఎక్కుతూ ఆమె చెప్పిన సంగతులను మేము ముప్పై ఒక్క ఏళ్ళలో మొదటిసారి విన్నాము.

మా మామగారిది చెరువు ఆయకట్టు కింది పల్లె. మేము పెళ్ళికొడుకుగా వెళ్ళేనాటికి ఆయన మంచాన పడి ఉన్నారు. మూడవ ఏట గతించారు. బావమరుదులు బతుకుతెరువు కొరకు కడపకు తరలిపోయారు. ఆ పల్లెతో రాకపోకలు అంతటితో తెగిపోయాయి. ఆయనకు ఒక జత ఎద్దులు, ఒక బండి ఉండేవని విన్నాము. వాటితో ఆయన ఏం చేసేవారో అడగలేదు. ఎండాకాలంలో చెరువు అడుగంటినప్పుడు ఒండుమట్టి తవ్వి, కట్ట దాటించి, ఆయకట్టు కింది ఇసుక చేలకు తోలేవారట. ఆ బండ్లు ఎక్కిదిగిన బాట ఇదేనట. రెండవ కోడి కూతకే బండ్లు వరుస కట్టేవట. ఎండ ముదరకముందే నాలుగు తడవలు తోలాలి కాబట్టి.

"అమ్మాయిలను కూడా తోలుకుపోయేవారా ఖాలా?" అని ఒక పిల్లవాడు అడిగాడు.

"నేను లేకుంటే బండి ఎక్కేదే కాదు" అన్నది ఆమె. వాలు మీద బరువు బండి లాగే ఎద్దులు నడుమ నడుమ ఆగి ఊపిరి తీసుకుంటాయి. అవి ఆగినప్పుడు బండి వెనక్కి జారకుండా చక్రం కింద రాయి పెట్టాలి. మళ్ళీ కదిలినప్పుడు ఆ రాయి తీసుకొని వెంట నడవాలి. ఏడవ ఏట నుండి పన్నెండవ ఏట వరకు ఎండాకాలమంతా అది ఆమె పని. రాయి పెట్టడంలో క్షణం ఆలస్యమైతే ఎద్దుల మెడలు విరుగుతాయని తండ్రి చెప్పేవాడట. ఒక్కనాడూ ఆలస్యం చేయలేదట.

నడుమ నడుమ ఆమె కూడా ఆగవలసి వచ్చింది. మొదటిసారి ఆగినప్పుడు కూర్చోవడానికి చుట్టూ చూసింది. మేము ఒక చదునైన రాయి దొర్లించుకువచ్చి వేశాము. ఆమె కూర్చొని, రాయిని చూసి, మమ్ములను చూసి నవ్వింది. "ఇప్పుడు నా చక్రం కింద రాయి పెట్టేది మీ వంతు" అన్నది. బాట పూర్తయ్యేసరికి నాలుగుసార్లు రాయి వేశాము. మెట్ల మీద ఐదు నిమిషాలు పట్టే ఎత్తుకు మాకు దాదాపు గంట పట్టింది.

పైకి చేరగానే నీళ్ళు కనిపించాయి. కొండల మొదళ్ళ వరకు పరచుకొని ఉన్నాయి. మరవ మీద నుండి దూకే నీటి హోరు కట్ట మీదికి వినిపిస్తున్నది. ఆమె పిట్టగోడ వంటి రాతిని పట్టుకొని నిలబడి చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత పిల్లలను దగ్గరికి పిలిచి, ఏరు వచ్చి చెరువులో కలిసే దిక్కును చూపింది. అక్కడ తవ్వితే ఇసుక వస్తుందని, కట్ట దగ్గర తవ్వితే వెన్న వంటి మెత్తని ఒండు వస్తుందని చెప్పింది. ఎందుకని పిల్లలు అడిగారు. "ఉరికొచ్చే నీళ్ళు బరువును ముందు దించుకుంటాయి. నిలబడిన నీళ్ళే సన్నపు మన్నును దించుతాయి" అన్నది. మా మద్రసాలో చెప్పే ఏ భూగోళ పాఠమూ ఇంత కురచగా, ఇంత స్పష్టంగా లేదు.

బొరుగుల మూట విప్పిన తర్వాత పిల్లలు తమ తంతు మొదలుపెట్టారు. "ఎన్ని బండ్లు?" అని మేము అడిగాము. "నూరు బండ్లు!" అని వారు అరిచారు. కొంగలు లేచాయి. ఆమెకు ఇదంతా కొత్త. ఏమి లెక్క అని అడిగింది. శాసనం సంగతి, 1000 మంది కూలీల సంగతి, బండ్ల సంగతి చెప్పాము. శ్రద్ధగా విన్నది. విని, బెల్లపు ముక్కను పిల్లవాని చేతిలో పెడుతూ, "ఆ బండ్లోళ్ళకు, కూలోళ్ళకు సద్ది కట్టినోళ్ళు ఎంతమందో రాసినారా?" అని అడిగింది.

రాయలేదు అన్నాము.

"రెండేండ్లు కట్టినారంటే ఎన్ని సద్దులో!" అన్నది. అంతకు మించి ఏమీ అనలేదు.

పొద్దు పైకి ఎక్కింది. పదకొండు కావస్తున్నది. జుమా ఖుత్బా చెప్పవలసినది మేమే కాబట్టి వెంటనే బయలుదేరాలి. వచ్చిన బాటలోనే మళ్ళీ దిగాలి, దానికి మరో గంట. ఆమె కట్ట మీద కూర్చొని పట్టుమని పావుగంట కాలేదు. "మీకు పొద్దుపోతాంది, లేస్తా పట్టుకోండి" అని చేయి చాపింది. ఆ చేతిని అందుకొని మేము కూడా పక్కనే కూర్చున్నాము. ఫోను తీసి మా చిన్న ఉస్తాద్‌కు ఈ జుమా మీరు నడిపించండి అని చెప్పాము. ఇరవై ఆరేళ్ళలో ఊళ్ళో ఉండి, ఆరోగ్యంగా ఉండి, మేము ఖుత్బాను మరొకరికి అప్పగించడం అదే మొదలు. అతను కంగారుపడి, ఏమైందని అడిగాడు. ఏమీ కాలేదని చెప్పాము. మరో అరగంట కట్ట మీద కూర్చొని, నెమ్మదిగా దిగి, పోరుమామిళ్ళలో జుమా చేసుకున్నాము. ఆమె తన చెల్లెలి వరుసయ్యే ఒకామె ఇంట జుహర్ చేసుకున్నది. ఆ చెల్లెలిని చూసి కూడా పన్నెండేళ్ళయిందట.

ఆ వారమే మా అయివారిని కలిసి, ఆమె అడిగిన ప్రశ్నను ఆయన ముందుంచాము. ఆయన మొదట నవ్వారు. తర్వాత కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, కట్టించిన ప్రభువు పేరున్నది, బండ్ల లెక్కున్నది, సద్దుల లెక్క మాత్రం ఎక్కడా లేదండీ అన్నారు. ఆ సాయంత్రం మేము ఇంటి అరుగు మీద కూర్చొని మా లెక్క మేము వేసుకున్నాము. ఇరవై ఆరేళ్ళు, ఏడాదికి 52 శుక్రవారాలు, మొత్తం 1352. రమజాన్ నెలలు, వానలు, జ్వరాలు, సెలవులు తీసివేసినా వెయ్యికి తగ్గవు. మేము పిల్లలతో వెళ్ళిన ఆ వెయ్యి షికార్లకు ముందు రాత్రి మూట కట్టినది ఒకే మనిషి. బొరుగులు మెత్తబడకుండా, బెల్లం కారకుండా, పిల్లల సంఖ్యకు సరిపడా. ఒక్కనాడూ తక్కువ కాలేదు. నూరు బండ్ల కథను వెయ్యిసార్లు చెప్పిన మా ఇంటి వంటగదిలో, అదే చెరువులో బండి వెనుక రాయి పట్టుకొని నడిచిన మనిషి ఉన్నది. ఆ సంగతి మాకు తెలియదని అనడం నిజం కాదు. మేము అడగలేదు.

శాసనం చెప్పిన ఆరు దోషాలలో నీరు కొద్దిగా ఉండి భూమి విస్తారంగా ఉండడం ఒకటని రాశాము. మా వంటి ఉపాధ్యాయులు తమ తప్పులను ఆ ఖాతాలో వేసుకుంటారు. సమయం కొంచెం, బాధ్యతలు విస్తారం, ఏం చేయగలం అంటారు. మేమూ అలాగే అనుకుంటూ వచ్చాము. కాని ఆయకట్టు తెలిసిన రైతును అడిగితే మరో మాట చెబుతాడు. నీరు చాలనప్పుడు చివరి మడి ఎండుతుంది. అది సహజం. తూము కింది మడి ఎండి చివరి మడి పండితే మాత్రం తప్పు నీటిది కాదు, తూము దగ్గర నిలబడినవాడిది. తండ్రులు లేని పిల్లలకు శుక్రవారాలు ఇచ్చినందుకు మేము పశ్చాత్తాపపడటం లేదు, ఆ నీరు వృథా పోలేదు. పక్కనే ఉన్న మడికి ఒక్క తడి కూడా ఇవ్వకపోయామన్నదే మా బాధ.

ఇది చదివి ఎవరైనా, ఆలస్యమైనా మేలే జరిగింది కదా అని మమ్ములను ఓదార్చవచ్చు. ఆలస్యం ఆలస్యమే. ఆమె మెట్లు ఎక్కగలిగిన ఏళ్ళు గడిచిపోయాయి, వాటిని మేము తెచ్చి ఇవ్వలేము. కాని ఆ హదీసును ఇప్పుడు చదివినప్పుడు మాకు మరొక సంగతి కనిపిస్తున్నది. రెండవ పందెం నాటికి ఆమె మొదటి పందెం నాటి మనిషి కారు. అయినా ఇక పరుగులెందుకని ఆయన అనుకోలేదు. మారిన మనిషితో మళ్ళీ పందెం వేశారు. మా శ్రీమతి పరుగెత్తలేదు. మేము కూడా ఇప్పుడు అంతగా పరుగెత్తలేము. రాయి దొర్లించుకుపోయి వేయగలము.

అప్పటి నుండి నెలలో ఒక శుక్రవారం ఆమెది అని నిర్ణయించుకున్నాము. రెండవ నెల సగిలేటి ఒడ్డుకు వెళ్ళాము. గత శుక్రవారం ఆమె, "ఈ వారం వద్దు, మోకాళ్ళు సలుపుతాండాయి. మీరు పిల్లోళ్ళతో పోండి" అన్నది. మూటను పెద్ద పిల్లవానికి అప్పగించి, పిల్లలను చిన్న ఉస్తాద్ వెంట పంపి, మేము ఇంట ఉండిపోయాము. ముందు రోజు ఆ మూట కట్టినది మేమే. బొరుగులు మెత్తబడ్డాయని పిల్లలు తిరిగివచ్చి ఫిర్యాదు చేశారు.

వారు వచ్చేదాకా ఇద్దరమూ అరుగు మీద కూర్చొని విత్తనపు వేరుశనగ కాయలు వొలిచాము. ఆమె తన తండ్రి ఎద్దుల పేర్లు చెప్పింది. ఒకటి ఎడమ వైపుకే లాగేదట. దానిని దారిలో పెట్టడానికి ఆయన ఏం చేసేవారో చెప్పబోతుండగా జుమా అజాన్ వినిపించింది. మిగిలిన కథ వచ్చే శుక్రవారం అన్నది. మేము వినడానికి ఇంట ఉంటాము, ఇన్షా అల్లాహ్.